పేటజనులకును పోలీసులకును నడుమ నమ్మకము: చేతిఫోను చేయగలిగినది, చేయజాలనిది

మన సహకార సంఘముల పత్రికయందు పోలీసుల ప్రస్తావన యేల యని కొందఱు సభ్యులకు తోచవచ్చును. విత్తనములు, ఎరువులు, అప్పుల వాయిదాలు, అంగడి ధరలు మన విషయములు గాని నగరవీధుల శాంతిభద్రతలు మన విషయములా యని వారడుగవచ్చును. మన విషయములే యని మా మనవి. మన సభ్యులు పండించిన ఆకుకూరలును కూరగాయలును తెల్లవాఱకమునుపే హైదరాబాదు పాతనగరమునందలి మీరాలం మండికిని మాదన్నపేట మండికిని చేరుచున్నవి. ఉల్లిగడ్డలును మిరపకాయలును ఆ ప్రక్కనేయున్న మలక్‌పేట మార్కెటునకు పోవుచున్నవి. సరకు అమ్మిన సొమ్ము రొండిన దోపుకొని చీకటితో బస్సెక్కువాడు మన రైతే. చదువునకో కూలికో ఆ పేటలలో కాపురముండువారు మన బిడ్డలే. ఆపద వచ్చినపుడు ఠాణాకు పోవుటకు వారికి ధైర్యము చాలునా, పోయినచో పలుకువారుందురా యనునది మనకు పట్టని సంగతి కాదు.

రెండవ కారణము మఱియొకటి కలదు. నమ్మకము మన సంఘములకు మూలధనము. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున 28 మంది చేరి సహకారపు అంగడి తెఱచినపుడు వారి పెట్టుబడి మిక్కిలి స్వల్పము. సరియైన తూకము, కల్తీలేని సరకు, సభ్యుల యెదుట చదువబడు లెక్క, ఈ మూడును వారిని నిలబెట్టినవి. నమ్మకమెట్లు పుట్టునో, ఎట్లు చెడునో సహకారులు అనుభవమున నెఱిగినవారు. కావున పోలీసులును పేటజనులును ఇప్పుడు చేతిఫోనుద్వారా నమ్మకము కుదుర్చుకొనజూచుచున్న ప్రయత్నమును మన త్రాసున పెట్టి తూచిచూతము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. ఫేస్‌బుక్, వాట్సాప్, యాప్ మొదలగునవి ఠాణా గోడకు క్రొత్తగా పెట్టిన కిటికీలవంటివి. కిటికీ తెఱచినంతమాత్రమున నమ్మకము పుట్టదు. అచ్చట అడిగినవానికి జవాబు వచ్చెనా? లోపలివారు బయటివారిని చూచునట్లే బయటివారును లోపలివారిని చూడగలుగుచున్నారా? ఈ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానమును బట్టియే నమ్మకము పెరుగుటయు తరుగుటయు కలుగును.

అపనమ్మకమునకు మూలములు

1591లో కట్టబడిన చార్మినారు చుట్టును, మూసీనదికి దక్షిణముగా పెరిగినది పాతనగరము. అచ్చట ఇండ్లు దగ్గఱ, గల్లీలు ఇఱుకు. ఒక గుమ్మమున పలికిన మాట పది గుమ్మములకు వినబడును. బోనాలు, మొహర్రము, గణేశ నిమజ్జనము, వీనికి జరుగు ఊరేగింపులలో పెక్కింటికి ఆ వీధులే దారి. అట్టిచోట పోలీసు ఉద్యోగము సులభమైనది కాదు.

నిజాముల కాలమున నగర రక్షణాధికారిని కొత్వాలు అనెడివారు. 1920 మొదలు 1934 వఱకు ఆ పదవియందుండినవారు తెలుగువారే, రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు. కొత్వాలు ఎంత దక్షుడైనను ప్రభువునకు జవాబుదారి గాని ప్రజలకు కాడు. నేటి పోలీసు అధికారి చట్టమునకును, చట్టముద్వారా ప్రజలకును జవాబుదారి. మాఱినది ఈ సూత్రమే. అయితే సూత్రము మాఱినంతనే మనసులు మాఱవు.

ఆ ప్రజలకు చేదు జ్ఞాపకములు కలవు. 1990 డిసెంబరునందలి మతకలహములలో నూఱుమందికి పైగా మృతినొందిరి. 2007 మే 18వ తేదీ శుక్రవారపు ప్రార్థన వేళ మక్కామసీదున బాంబు ప్రేలి ప్రాణనష్టము కలిగెను. ఆ వెనుక జరిగిన పోలీసు కాల్పులలో మఱికొందఱు మరణించిరి. పిమ్మట పెక్కుమంది యువకులను నిర్బంధించి విచారించిరి. వారిలో పలువురు నిర్దోషులని తేలిరి. 2011లో రాష్ట్రప్రభుత్వమే అట్టివారికి పరిహారమిచ్చుటకు నిశ్చయించెను. ఆ యుత్తరువు తరువాత హైకోర్టులో నిలువకపోయినను, తప్పు జరిగినదని ప్రభుత్వమే తలచిన సంగతి జనుల మనసులనుండి పోలేదు. చెఱలో గడచిన దినములు తిరిగి రావు. ఆ యింటివారు, ఆ యింటి ఇరుగుపొరుగువారు ఠాణా గడపను మునుపటివలె త్రొక్కజాలరు.

పోలీసుల పక్షమునను చెప్పదగినది కలదు. కలహము రేగిన వీధిలో రాళ్లదెబ్బలు తినువాడు కానిస్టేబులే. పండుగ యేదైనను వానికి సెలవు లేదు. వదంతి ఎక్కడనుండి లేచునో, ఏ సందున గుంపు కూడునో తెలియక, తెలియజెప్పువాడు లేక వాడును భయముతోనే నిలుచును. భయము ఇరువైపులను కలదు. దానికి మందు పరిచయమే.

శాంతిసంఘములు మొదలు ఫోను వఱకు

ఈ పరిచయమునకై పూర్వమునుండియు ప్రయత్నములు జరిగినవి. పండుగలకు ముందు రెండు మతముల పెద్దలను పిలిచి శాంతిసంఘముల సమావేశములు జరుపుట పాతనగరమున చిరకాలపు వాడుక. 2000 సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ్ పోలీసులు మైత్రి యను పేర పేటపేటను సంఘములను ఏర్పఱచిరి. 2008లో కేరళ రాష్ట్రము జనమైత్రి పథకమును ఆరంభించి, ప్రతి పోలీసు తనకు అప్పగించిన ప్రాంతమునందలి యింటింటికి పోయి యచ్చటి జనులను ఎఱుగవలెనని నియమించెను. ఇవి మేలైన పద్ధతులే. అయినను శాంతిసంఘములకు ఒక లోపము కలదు. సమావేశమునకు వచ్చువారు ఎప్పుడును ఆ పదుగురు పెద్దలే. పరదాచాటు స్త్రీ రాదు, రాత్రిపని చేయు కూలివాడు రాడు, పదునెనిమిదేండ్ల పిల్లవాని నెవ్వరును పిలువరు. మన సంఘములలోను సర్వసభ్య సమావేశమునకు కోరము మాత్రము నిండి, చిన్నరైతు గొంతు వినబడకుండుట మనమెఱిగినదే.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట హైదరాబాదు నగర పోలీసులు చేతిఫోనును ఈ పనికి విరివిగా వాడసాగిరి. శ్రీ ఎం. మహేందర్‌రెడ్డిగారు అప్పటి నగర పోలీసు కమిషనరు. ఠాణాలకు ఫేస్‌బుక్ పుటలును, ఫిర్యాదులు పంపుటకు వాట్సాప్ సంఖ్యయు ఏర్పడినవి. ఆ యేడు అక్టోబరు 24న, వీధులలో స్త్రీలను వేధించువారిని పట్టుటకు షీ టీములు బయలుదేరినవి. 2015 ఆరంభమునకు హాక్ ఐ యను యాప్ వచ్చెను. ఇందు రాకపోకల నియమోల్లంఘనములు, స్త్రీలపై నేరములు, ఆపదవేళ పిలుపు మున్నగువానితోపాటు పోలీసులు చేసిన తప్పును గూర్చి ఫిర్యాదు చేయుటకును ఒక గడి యుంచిరి. మన త్రాసున ఈ గడియే ఎక్కువ బరువు తూగును. తన తప్పును చెప్పుమని అడుగువానిని జనులు నమ్ముటకు మొదలిడుదురు.

ఈ కిటికీలవలన ఎవరికి మేలు? మగవారి నడుమ నిలిచి తన బాధ చెప్పుకొనుటకు జంకు స్త్రీకి మేలు. ఠాణాకు పోయినచో ఇరుగుపొరుగు ఏమనుకొందురో యని భయపడు ఇంటివారికి మేలు. తన పేరు బయటపడకుండ వదంతిని గూర్చి తెలుపగోరు దుకాణదారునకు మేలు. సమావేశమునకు పిలువబడని పిల్లవానికిని ఇచ్చట నోరు కలదు.

కాని చేతిఫోను లేనివారు, చదువరానివారు, ఇంటిలోని మగవాని ఫోనుతప్ప తనదన్నది లేని స్త్రీ, వీరికి ఈ కిటికీ గోడయే. పాతనగరపు వీధులలో వినబడునది దక్ఖనీ ఉర్దూయు తెలుగును. 2017లో ఉర్దూ తెలంగాణమంతటికి రెండవ అధికారభాష యయ్యెను. ప్రకటనలు ఇంగ్లీషున మాత్రమే వెలువడినచో అవి చదువుకొన్నవారికి పోలీసులు వ్రాసికొను జాబులగును గాని పేటజనులతో మాటలాడుట కాదు.

2018 మే నెల: రెండుచోట్ల రెండు ఫలితములు

ఈ విషయమును బాగుగ బోధించునది 2018వ సంవత్సరపు వేసవి. పిల్లల నెత్తుకొనిపోవు దొంగలు దిగినారని, పార్ధీ ముఠాలు తిరుగుచున్నవని ఆ యేడు వాట్సాప్‌లో మాటలు, చిత్రములు తెలుగునాట అంతటను ప్రాకినవి. ఎక్కడివో, ఎప్పటివో తెలియని చిత్రములను చూచి తల్లులు గడగడలాడిరి. పార్ధీలు అను పేదజాతివారిపై ఆంగ్లప్రభుత్వపు నాటినుండి వేసిన నేరస్థులను ముద్ర ఈ వదంతికి ఊతమయ్యెను.

మే 26వ తేదీ రాత్రి పాతనగరమున చాంద్రాయణగుట్ట ప్రాంతమున ఘోరము జరిగెను. రంజాను మాసమున భిక్షకై వచ్చిన కొందఱు హిజ్రాలను, వేషము మార్చుకొనిన పిల్లలదొంగలని గుంపు చుట్టుముట్టి కొట్టెను. వారిలో 52 ఏండ్ల వయసుగల యొకరు ప్రాణము కోల్పోయిరి. మృతి చెందినవారు మన పాలమూరు ప్రాంతమునుండి పొట్టకూటికై నగరము చేరినవారు. నాటికి నగర పోలీసులకు ఫేస్‌బుక్ కలదు, వాట్సాప్ కలదు, యాప్ కలదు. వదంతులు నమ్మవలదని ప్రకటనలును వెలువడియుండెను. అయినను ఆ వీధిలో, ఆ గడియలో, గుంపును ఆపి "ఆగుడు, నేనెఱిగినవారిని అడిగి చెప్పెదను" అను మనుష్యుడొకడు లేకపోయెను.

అదే వేసవిలో, అదే వదంతి, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకును చేరెను. పత్తివిత్తనపు సాగుకు పేరొందిన జోగులాంబ గద్వాల జిల్లా యది. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు శ్రీమతి రెమా రాజేశ్వరి, ఊరూరికి ఒక పోలీసును అప్పగించి, అతడు తఱచు ఆ యూరికి పోయి జనులతో మాటలాడి రావలెనని అదివఱకే ఏర్పాటు చేసియుండిరి. ఎండకాలపు రాత్రులందు ఆరుబయట మంచములు వేసికొని పడుకొను జనులు తలుపులు బిగించుకొని లోపల ఉక్కలో పడుకొనుచున్నారని ఆ పోలీసులు కనిపెట్టిరి. ఏల యని యడుగగా ఫోనులు తీసి ఆ చిత్రములను చూపిరి. చిత్రములు చూపుటకు వెనుదీయకుండుటయే నమ్మకము. అడుగుటకు పోలీసు గుమ్మమున నిలుచుటయే దానికి కారణము.

అంతట పోలీసులు ఊరి వాట్సాప్ గుంపులలో తామును చేరిరి. అనుమానము కలిగించు సందేశము వచ్చినచో ముందుగ తమకు చూపుడని చెప్పిరి. అంతతో ఊరకుండక, ఫోనులేనివారికొఱకు డప్పు వేయించి, పాటలు కట్టించి, రచ్చకట్టయొద్ద చెప్పించిరి. సుమారు 400 గ్రామములలో ఈ పని సాగెను. ఆ వదంతివలన ఆ జిల్లాలో ఒక్క ప్రాణమును పోలేదు.

ఈ రెండింటిని పోల్చి నగరము చెడ్డది, పల్లె మంచిది యనుట పొరపాటు. నగరమున జనము లక్షలు, క్రొత్తముఖములు వేలు. పల్లెలో అందఱు అందఱిని ఎఱుగుదురు. మనము గ్రహింపవలసినది వేఱు. రెండుచోట్లను ఫోను ఒకటియే, సందేశమొకటియే. ఒకచోట ఫోను వెనుక పరిచయమైన ముఖము కలదు. రెండవచోట ప్రకటన మాత్రము కలదు. ప్రకటన గాలిలో పోవును. పరిచయస్థుని మాట చెవికెక్కును.

ఆ యేడు జూలై 17న సుప్రీముకోర్టు గుంపుదాడులను ఆపుటకు ప్రతిజిల్లాలో ఒక బాధ్యతగల అధికారిని నియమింపవలెనని ఆజ్ఞాపించెను. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మనదేశమున ఒక సందేశమును ఒకమాఱు అయిదుచోట్లకు మించి పంపకుండ హద్దు పెట్టెను. కట్ట వేయుట మంచిదే. కాని నీటిని ఏ కాలువకు మరల్పవలెనో చెప్పువాడు ఊరిలో నుండవలెను.

ఒకవైపు చూపు

ఇంకొక సంగతి దాచక చెప్పవలెను. జనులు మాటలాడుటకు కిటికీలు తెఱచిన కాలముననే, జనులను కనిపెట్టి చూచు సాధనములును పెరిగినవి. 2013నాటి ప్రజాభద్రతా చట్టము ప్రకారము జనము గుమిగూడు సంస్థలు కెమెరాలు పెట్టి 30 దినముల చిత్రమును భద్రపఱుపవలెను. "నేను సైతం" అను పేర పేటవారి చందాలతోను వీధులలో కెమెరాలు వెలసినవి. దొంగల జాడ తెలిసికొనుటకు ఇవి తోడ్పడినవనుటలో సందేహము లేదు.

పాతనగరమున ఒక వాడను చుట్టుముట్టి యింటింటిని సోదా చేయు కార్డన్ సెర్చి పద్ధతియు సాగెను. 2015 జనవరిలో ఇట్టి సోదావలన, గాజుల కార్ఖానాలలో మగ్గుచున్న బీహారు బాలురు 200 మందికి పైగా విడుదల పొందిరి. ఇది గొప్పమేలు. అయితే ఏ నేరమెఱుగని యింటివారు నిద్రలేచి కాగితములు చూపవలసివచ్చుట అవమానముగ తోచెను. ఇట్టి సోదాకు చట్టమున ఆధారమేదని న్యాయవాదులు ప్రశ్నించిరి. రాత్రి పొద్దుపోయిన పిమ్మట వీధి అరుగులపై కూర్చుండు యువకులను పట్టుకొనిపోయి, తల్లిదండ్రులను పిలిపించి బుద్ధిచెప్పు "మిషన్ చబూత్రా" యను పనియు నడచెను. చబూత్రా యనగా మన అరుగే. కొందఱు తల్లిదండ్రులు సంతసించిరి. కాని ఇఱుకింటివానికి అరుగే చావడియని తెలిసినవారు, కూర్చుండుటయే నేరమా యని యడిగిరి.

2021 మే నెలలో, లాక్‌డౌన్ వేళ, పాతనగరమున ఒక సామాజిక కార్యకర్తను ఆపి ముఖపుగుడ్డ తీయుమని, ఆతని యనుమతి లేకయే ఛాయాచిత్రము తీసికొనిరి. ముఖములను యంత్రముచేత గుర్తించు పద్ధతి చట్టసమ్మతమా యని ఆయన తెలంగాణ హైకోర్టున వ్యాజ్యము వేయగా, 2022 ఆరంభమున కోర్టు ప్రభుత్వమునకు నోటీసు పంపెను. 2021 అక్టోబరులో నగరవీధులలో పోలీసులు జనులను ఆపి, గంజాయి పేర వారి ఫోనులలోని సంభాషణలను వెదకుట చలనచిత్రములద్వారా బయటపడి విమర్శ పాలయ్యెను. నడిగడ్డలో జనులు తమంత తామే ఫోను చూపిరి. ఇచ్చట బలిమిని చూపించుకొనిరి. ఫోను ఒకటియే గాని ఒకటి నమ్మకము, రెండవది దాని శత్రువు.

2024లో హాక్ ఐ యాప్‌లోని సమాచారమును ఒక యువకుడు దొంగిలించి అమ్మజూపగా పోలీసులు వానిని పట్టుకొనిరి. ఆపదవేళ ఉపయోగపడునని ఒక స్త్రీ ఇచ్చిన పేరు, ఫోను సంఖ్య అంగడిసరకయ్యె ననుట చిన్నతప్పు కాదు. మన సంఘపు ఇనుపపెట్టెలో ధరావతు పోయినచో దొంగ దొరికెనని సభ్యులు ఊరకుందురా? తాళమెవరు వేయలేదని యడుగుదురు. సమాచారమును ధరావతే.

అటునుండి ఇటు చూచునట్లే ఇటునుండి అటు చూచుటకును మార్గములు కొన్ని ఏర్పడినవి. 2016 సెప్టెంబరులో సుప్రీముకోర్టు, సున్నితమైనవి తప్ప తక్కిన ప్రథమ సమాచార నివేదికలను 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులలో ఉంచవలెనని తీర్పు చెప్పెను. 2020 డిసెంబరు 2న ప్రతి ఠాణాలోను కెమెరాలు ఉండవలెనని ఆజ్ఞాపించెను. అనగా జనులను చూచు కెమెరా పోలీసులనుగూడ చూడవలెను. 2025 జనవరిలో తెలంగాణ పోలీసులు ఠాణాలలో ఒక చదరపు గుర్తుగల కాగితమును అంటించి, వచ్చినవారు దానిని తమ ఫోనుతో చదివించి, తమకు జరిగిన ఆదరణ యెట్టిదో తెలుపు ఏర్పాటు చేసిరి. లెక్కల పుస్తకమును సభ్యుని ముందుంచుటవంటివి యివి. పుస్తకము ముందుంచినంత చాలదు. సభ్యుడు విప్పి చూడవలెను, కార్యదర్శి ప్రశ్నకు బదులు చెప్పవలెను.

జవాబు అనగా నేమి?

ఒక రైతు సంగతి యూహింతము. అతడు మీరాలం మండిలో పాలకూర దింపి, టీ త్రాగి వచ్చునంతలో ఫోను పోయినది. ఆ ఫోనులోనే బ్యాంకు, ఆ ఫోనులోనే సంఘపు సందేశములు. అతడు ఫేస్‌బుక్ పుటలో మొఱపెట్టెననుకొందము. "మీ ఫిర్యాదు అందినది" అను మాట వచ్చుట జవాబు కాదు. ఏ ఠాణా వారు చూచుచున్నారు, ఎవరిని కలియవలెను, ఎన్నటికి తెలుపుదురు, ఈ మూడును చెప్పుటయే జవాబు. ఫోను దొరకకపోయినను, దొరకలేదని చెప్పుటయు జవాబే. మౌనము మాత్రము జవాబు కాదు.

2023లో పోయిన ఫోనులను కనిపెట్టు కేంద్రప్రభుత్వపు సి.ఇ.ఐ.ఆర్. పద్ధతిని తెలంగాణ పోలీసులు చేపట్టిరి. ఫోను పెట్టెపైనను రసీదుపైనను ముద్రించియుండు 15 అంకెల సంఖ్యను ఇచ్చి ఫిర్యాదు చేసినచో, ఆ ఫోను ఇతరులు వాడకుండ ఆపవచ్చును. వాడినచో జాడ తెలియును. ఈ విధముగ వేలకొలది ఫోనులు సొంతదారులకు చేరినవి. పోయినదనుకొన్న ఫోను చేతికి వచ్చిన రైతు తన యూరిలో పదిమందికి చెప్పును. పోలీసులు స్వయముగ వ్రాసికొను వంద ప్రకటనలకన్న ఆ యొక్క మాట విలువైనది.

దీనికి వ్యతిరేకమైన పాఠమును కలదు. 2019 నవంబరులో నగరశివారు శంషాబాదుచెంత ఒక పశువైద్యురాలు దారుణముగ చంపబడినపుడు, ఆ రాత్రి ఇంటివారు మొఱపెట్టగా ఇది మా హద్దు కాదని ఠాణాలు త్రిప్పినవని బంధువులు వాపోయిరి. ఆలస్యము చేసినందులకు ముగ్గురు పోలీసులను తాత్కాలికముగ తొలగించిరి. నాటికి యాప్‌లకు కొఱత లేదు. లేనిది గుమ్మమున నిలిచినవాని మాట వినుట.

ఇప్పుడు చట్టము ఇట్లున్నది. శిక్షింపదగిన పెద్దనేరము జరిగినదని చెప్పినచో పోలీసులు నమోదు చేయకతప్పదని 2013లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త శిక్షాస్మృతి విధానమున 173వ సెక్షను ప్రకారము, నేరమెక్కడ జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చును. ఫోనుద్వారా పంపిన ఫిర్యాదును గూడ స్వీకరింపవలెను. అయితే మూడుదినములలో ఫిర్యాది దానిపై సంతకము చేయవలెను. నకలు ఉచితముగ ఇయ్యవలెను. ఠాణాలో నిరాకరించినచో పై అధికారికి వ్రాతమూలముగ పంపుకొనవచ్చును, అటుపై మేజిస్ట్రేటుకును విన్నవింపవచ్చును. ఆపదవేళ 112, ఫోనుద్వారా సొమ్ము మోసపోయినచో వెంటనే 1930 అను సంఖ్యలకు పిలువవలెను.

మన సంఘములు చేయదగినది

పైని చెప్పినదంతయు నగరపు కథగ వదలివేయక, మన సంఘములును కొంత చేయవచ్చును.

మొదటిది: సభ్యులందఱి ఫోనుల 15 అంకెల సంఖ్యలను, వారి సమ్మతితో, సంఘపు పుస్తకమున వ్రాయించి తాళమునందుంచవలెను. ఫోను పోయిననాడు రసీదు వెదకు శ్రమ తప్పును.

రెండవది: సంఘపు వాట్సాప్ గుంపునందు ఒక సభ్యుని, వీలైనచో ఒక స్త్రీని, వార్తను విచారించి చెప్పువారిగ ఎన్నుకొనవలెను. దొంగలు, పిల్లలు, మతము, వీనిని గూర్చిన సందేశము వచ్చినచో వారు ఠాణాలో విచారించి నిజమో కాదో తెలుపువఱకు ఎవ్వరును ముందుకు పంపరాదు.

మూడవది: నెలకొక సమావేశమునకు ఆ ప్రాంతపు పోలీసును పిలువవలెను. వచ్చినపుడు పూలదండతో సరిపుచ్చక, గతనెల ఇచ్చిన ఫిర్యాదు లేమైనవని వినయముతో, పేరుపేరున అడుగవలెను. అడిగినది, వచ్చిన జవాబు సమావేశపు పుస్తకమున వ్రాయవలెను.

నాలుగవది: నగరమునకు సరకు తీసికొనిపోవు సభ్యులు మండిలోని తోటి వ్యాపారులతోను హమాలీలతోను, వారే మతస్థులైనను, పరిచయము పెంచుకొనవలెను. 2018లో చాంద్రాయణగుట్టయందు చంపబడినవారు మన పల్లెలవైపువారే. ఆ వీధిలో వారిని ఎఱిగినవాడు ఒక్కడుండినచో అడ్డుపడియుండునేమో.

అయిదవది: పోలీసు మేలుచేసినపుడు ఆ మాటయు వ్రాయవలెను. తప్పును మాత్రమే వ్రాయు పుస్తకమును ఎవ్వరును విప్పగోరరు.

సహకార సంఘమున నూఱురూపాయల అప్పు సకాలమున తీర్చినవానికి మఱునాడు రెండునూఱులు ఇత్తుము. నమ్మకమును అట్లే. చిన్న ఫిర్యాదునకు సరియైన జవాబు వచ్చినచో, పెద్దసంగతి తెలిసిననాడు జనులు తామై వచ్చి చెప్పుదురు. చిన్నదానికి మౌనము దొరకినచో పెద్దదానిని గూర్చియు మౌనముగనే యుందురు. ఆ మౌనమునందే వదంతులు పెరుగును. ఫోను ఈ వ్యవహారమున పద్దుపుస్తకము మాత్రమే. అందు జమ చేయవలసినవారు పోలీసులును, పేటజనులును, మనమును.